చాయలో చక్కెరా, బెల్లమా, గోలీనా? పక్షవాతం భయం ఉన్నవాళ్లు ఎలా ఎంచుకోవాలి

"అన్నా, షుగర్ ఫ్రీ గోలీలు ఏసుకుంటే పెరాలిసిస్ వస్తదట, నిజమేనా?" హన్మకొండలోని మా మందుల షాపులో ఈ ప్రశ్న తరచుగా వినిపిస్తోంది. ఫోన్‌లో ఏదో వీడియో చూసి, సగం వాడిన డబ్బా వాపసు ఇస్తామని వచ్చేవాళ్లున్నారు. భయపడి గోలీలు మానేసి మళ్లీ చక్కెరకు పోయినవాళ్లున్నారు. బెల్లం మంచిదట అని చాయలో రెండు చెంచాల బెల్లం పొడి వేసుకుంటున్న షుగర్ పేషెంట్లూ ఉన్నారు. నాకు ఎక్కువ టెన్షన్ ఈ చివరివాళ్ల గురించే.

జవాబు ముందే చెప్తాను. షుగర్ జబ్బు ఉండి, రోజుకు రెండు చాయల్లో ఒక్కో గోలీ వేసుకునేవాళ్లు దాన్ని వదిలి చక్కెరకో బెల్లానికో తిరిగి వెళ్లొద్దు. షుగర్ లేకుండా, బరువు తగ్గుదామని మాత్రమే వాడేవాళ్లకు ఆ గోలీతో పని లేదు, తీపినే మెల్లగా తగ్గించుకోవచ్చు. డైట్ కూల్‌డ్రింకులు రోజూ తాగే అలవాటు ఎవరికున్నా మానుకోవాలి. ఎరిత్రిటాల్ అనే తీపి పొడి ఎక్కువగా పడే 'కీటో' మిఠాయిల (అన్నం, చక్కెర లాంటివి బాగా తగ్గించే డైట్ పేరుతో అమ్మేవి) జోలికి గుండె జబ్బో పక్షవాతమో ఒకసారి వచ్చినవాళ్లు అసలు పోవద్దు. ఏ ఆధారంతో ఇలా చెప్తున్నానో తెలిస్తే మీ నిర్ణయం మీరే తీసుకోవచ్చు.

ఆ భయం ఎక్కడి నుంచి వచ్చింది

ఇది ఉత్త పుకారు కాదు. అమెరికాలో ఫ్రేమింగ్‌హామ్ అనే ఊరి జనాన్ని తరతరాలుగా గమనిస్తున్న పరిశోధన ఒకటుంది. అందులో 45 ఏళ్లు దాటిన 2,888 మందిని పదేళ్లపాటు చూసి 2017లో ఫలితాలు ప్రకటించారు. రోజుకు ఒకటైనా డైట్ కూల్‌డ్రింక్ తాగేవాళ్లలో, మెదడు రక్తనాళంలో గడ్డ అడ్డుపడి వచ్చే పక్షవాతం దాదాపు మూడు రెట్లు కనిపించింది. 'మూడు రెట్లు' అన్న మాట అన్ని పేపర్లకూ ఎక్కింది. అయితే ఆ పదేళ్లలో మొత్తం అందరికీ కలిపి వచ్చిన పక్షవాతాలు 97 మాత్రమే. ఇంత తక్కువ కేసులున్నప్పుడు నాలుగైదు అటూ ఇటూ అయినా 'రెట్లు' చాలా మారిపోతాయి.

2019లో వచ్చినది అంతకన్నా బరువైన అధ్యయనం. ముట్లుడిగిన 81,714 మంది అమెరికన్ మహిళలను సగటున పన్నెండేళ్లు గమనించారు. రోజుకు రెండు, అంతకంటే ఎక్కువ డైట్ డ్రింకులు తాగినవాళ్లలో పక్షవాతం 23 శాతం ఎక్కువగా వచ్చింది. మూడు రెట్లు ఎక్కడ, 23 శాతం ఎక్కడ! మంది పెరిగేకొద్దీ ముప్పు అంచనా చిన్నదైంది, కానీ పోలేదు. అంతకు ముందు గుండె జబ్బు గానీ షుగర్ గానీ లేని మహిళల్లో కూడా, మెదడులోని సన్నని నాళాలు మూసుకుపోయే రకం పక్షవాతం ఎక్కువగానే కనిపించింది.

మన గోలీల ప్రశ్నకు దగ్గరగా వచ్చేది 2022లో ఫ్రాన్స్ నుంచి వచ్చింది. అక్కడ కూల్‌డ్రింకులే కాకుండా పెరుగు, బిస్కెట్లు, చాయ కాఫీల్లో వేసుకునే గోలీలు, అన్నింటినీ లెక్కగట్టారు. లక్ష మందికి పైగా మనుషులు, సుమారు తొమ్మిదేళ్లు. తీపి రసాయనాలు ఎక్కువగా వాడేవాళ్లలో లక్ష మందికి ఏడాదికి 195 మందికి మెదడు రక్తనాళాల జబ్బులు వస్తే, అసలు వాడనివాళ్లలో 150 మందికి వచ్చాయి. వయసు, బరువు, పొగతాగడం వంటివి సర్దుబాటు చేశాక ఆ తేడా 18 శాతంగా తేలింది. అక్కడ వాడేవాళ్ల సగటు మోతాదు రోజుకు ఒక చిన్న ప్యాకెట్ అంతే. అందుకే "గోలీలు ఎన్నైనా వేసుకోవచ్చు, ఏమీ కాదు" అన్న మాట నా నోట రాదు.

మరి ఇవన్నీ చూశాక కూడా షుగర్ పేషెంట్లను గోలీ మానమని ఎందుకు చెప్పడం లేదు? ఈ అధ్యయనాల్లో ఒక చిక్కుంది. డాక్టర్ "నీకు షుగర్ ఉంది" అని చెప్పిన రోజు సాయంత్రమే మనిషి మా షాపుకు వచ్చి షుగర్ ఫ్రీ డబ్బా కొంటాడు. బరువు పెరిగి బీపీ మొదలయ్యాకే డైట్ డ్రింకుకు మారతాడు. పదేళ్ల తర్వాత ఆ మనిషికి కాలు చెయ్యి పడిపోతే, కారణం గోలీయా, గోలీ కొనిపించిన షుగరూ బీపీలా? పరిశోధకులు లెక్కల్లో దీన్ని వీలైనంత సరిచేస్తారు, కానీ పూర్తిగా విడదీయలేరు. షుగర్ జబ్బు మాత్రం పక్షవాతం ముప్పును ఒకటిన్నర నుంచి రెండు రెట్లు పెంచుతుందని ఎప్పుడో తేలిపోయింది. ఇంకా తేలని 18 శాతానికి భయపడి, తేలిపోయిన రెట్టింపు ముప్పును నెత్తికెత్తుకోవడం సరైన బేరం కాదు.

2023 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన సలహా కూడా ఈ దారిలోనే ఉంది. బరువు తగ్గడానికి చక్కెర ప్రత్యామ్నాయాలు వాడొద్దని చెప్పింది. ఆ సలహా ఇప్పటికే షుగర్ జబ్బు ఉన్నవాళ్లకు వర్తించదని కూడా అందులోనే రాసింది. ఆ రెండో వాక్యాన్ని మన వీడియోలవాళ్లు వదిలేశారు.

డబ్బా తిప్పి చూడండి

'షుగర్ ఫ్రీ' అని ఒకే పేరుతో పిలుస్తున్నా లోపల ఉండేది ఒకటే పదార్థం కాదు. డబ్బా వెనుక పేరు గానీ, ఐఎన్ఎస్ అనే నంబర్ (ఆహారంలో కలిపే ఒక్కో పదార్థానికి ఇచ్చే గుర్తు) గానీ ఉంటుంది. ముందువైపు ఆకుపచ్చ ఆకు బొమ్మ చూసి కొనేవాళ్లు ఒక్కసారి వెనక్కి తిప్పాలి.

ఆస్పర్టేమ్, నంబర్ 951. చక్కెర కంటే సుమారు 200 రెట్లు తీపి. వేడికి విడిపోయి తీపి పోతుంది కాబట్టి చాయ మరిగేటప్పుడు వేయకూడదు, కప్పులో పోసుకున్నాక వేసుకోవాలి. 2023 జూలైలో దీన్ని క్యాన్సర్ కారకం 'కావొచ్చు' అనే జాబితాలో చేర్చారని పెద్ద గోల అయింది. అప్పుడే మరో నిపుణుల కమిటీ, కిలో బరువుకు రోజుకు 40 మిల్లీగ్రాముల పరిమితిని మార్చాల్సిన అవసరం లేదని చెప్పింది. 60 కిలోల మనిషికి అది 2,400 మిల్లీగ్రాములు. గోలీలో సాధారణంగా ఉండేది 20 మిల్లీగ్రాముల లోపే. కాబట్టి రెండు మూడు గోలీలకు పరిమితి దాటే ప్రశ్నే లేదు. అయితే ఫ్రాన్స్ అధ్యయనంలో మెదడు రక్తనాళాల జబ్బుతో విడిగా ముడిపడినది ఈ ఆస్పర్టేమే. అందుకే రెండు డబ్బాలు పక్కపక్కన పెట్టి ఏది తీసుకోవాలని అడిగితే నేను దీన్ని రెండోదిగా చెప్తాను. ఫినైల్‌కీటోన్యూరియా అనే పుట్టుకతో వచ్చే అరుదైన జబ్బు ఉన్నవాళ్లు దీన్ని అసలు ముట్టకూడదు.

సుక్రలోజ్, నంబర్ 955. 600 రెట్లు తీపి, చాయ వేడికి తట్టుకుంటుంది. మన దేశపు షుగర్ పేషెంట్ల మీదే పరీక్షించిన సమాచారం ఉండటం దీనికున్న బలం. చెన్నైలోని మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ వాళ్లు 179 మందిలో కొందరికి చాయ, కాఫీల్లో చక్కెర బదులు సుక్రలోజ్ ఇచ్చి 12 వారాలు చూశారు. మూడు నెలల షుగర్ సగటులో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. బరువు, నడుము చుట్టుకొలత కొద్దిగా తగ్గాయి. అంటే గోలీ వల్ల షుగర్ పెరగలేదు, అలాగని గోలీయే మందులా పనిచేసి షుగర్‌ను దించనూ లేదు. ఇది గుండెకు పూర్తిగా సురక్షితమని కూడా అనలేం. ఫ్రాన్స్ లెక్కల్లో గుండె రక్తనాళాల జబ్బుతో ముడిపడిన రెండింటిలో ఇది ఒకటి. ఇంకో మాట. 120 డిగ్రీలు దాటి వేడిచేస్తే దీని నుంచి హానికర పదార్థాలు పుట్టవచ్చని 2019లో జర్మనీ సంస్థ ఒకటి హెచ్చరించింది. చాయకు వాడండి. బచ్చాలకూ గారెలకూ వాడకండి.

సాక్రిన్ అన్నిటికంటే పాతది, 1879 నాటిది. గోలీగా కొనేవాళ్లు ఇప్పుడు తక్కువ. మనకు తెలియకుండా కడుపులోకి పోయేదే ఎక్కువ. చవక కాబట్టి కల్తీ కల్లులో తీపి కోసం దీన్ని కలిపిన కేసులు తెలంగాణలో చాలాసార్లు బయటపడ్డాయి.

స్టీవియా ఆకు నుంచి తీసిందే అయినా డబ్బాలో ఉండేది శుద్ధిచేసిన సారం, నంబర్ 960. మన ఆహార ప్రమాణాల సంస్థ 2015లో అనుమతించింది. పక్షవాతంతో దీన్ని ముడిపెట్టిన గట్టి ఆధారం నాకు కనిపించలేదు. అయితే మిగతావాటి మీద జరిగినన్ని పెద్ద అధ్యయనాలు దీని మీద జరగలేదు కాబట్టి అదేమీ సర్టిఫికెట్ కాదు. కొనేవాళ్లు జాగ్రత్తపడాల్సింది వేరే చోట ఉంది. స్టీవియా సారం చిటికెడు చాలు. చెంచాతో కొలిచి వేసుకునేలా చేయడానికి అందులో ఇంకో పొడి కలుపుతారు. చాలా ప్యాకెట్లలో ఆ పొడి ఎరిత్రిటాల్. ప్యాకెట్ మీద పెద్ద అక్షరాల్లో స్టీవియా అనో, మాంక్ ఫ్రూట్ (తీపి సారం తీసే ఒక పండు) అనో ఉంటుంది, లోపల బరువులో ఎక్కువ భాగం ఎరిత్రిటాలే.

ఎరిత్రిటాల్, నంబర్ 968. దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే రక్తం గడ్డకట్టడంతో నేరుగా సంబంధం చూపించిన పరిశోధన దీని మీదే ఉంది. 2023లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ పరిశోధకులు, గుండె పరీక్షల కోసం వచ్చినవాళ్ల రక్తంలో ఎరిత్రిటాల్ ఎక్కువగా ఉన్నవాళ్లకు తర్వాతి మూడేళ్లలో గుండెపోటు, పక్షవాతం, మరణం సుమారు రెట్టింపుగా వచ్చినట్టు గమనించారు. మన ఒంట్లో కూడా ఇది కొద్దిగా తయారవుతుంది కాబట్టి అదొక్కటే చాలదు. అందుకే ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు 30 గ్రాముల ఎరిత్రిటాల్ నీళ్లలో కలిపి తాగించి చూశారు. రక్తంలో దాని మోతాదు రెండు రోజులకు పైగా ఎక్కువగానే ఉంది. 2024లో వాళ్లే మరో చిన్న పరీక్షలో పది మందికి ఎరిత్రిటాల్, పది మందికి గ్లూకోజ్ ఇచ్చారు. ఎరిత్రిటాల్ తాగినవాళ్లలో, రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్ కణాలు చురుకయ్యాయి. గ్లూకోజ్ తాగినవాళ్లలో కాలేదు. చూయింగ్ గమ్‌లలో, షుగర్ ఫ్రీ చాక్లెట్లలో వాడే జైలిటాల్, నంబర్ 967, మీద కూడా 2024లో ఇలాంటి ఫలితమే వచ్చింది.

చాయలో ఒక చెంచా వేసుకుంటే రెండు నుంచి నాలుగు గ్రాములు. కీటో ఐస్‌క్రీం ఒక డబ్బా తింటే 30 గ్రాములు దాటొచ్చు. ముప్పు రెండింటికీ ఒకటే అనను. కానీ గడ్డలు కట్టకుండా ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడుతున్న మనిషి, ఆ మందు అదుపు చేస్తున్న కణాలనే రెచ్చగొట్టే అవకాశం ఉన్న పొడిని రోజూ తినడం ఎందుకు?

బెల్లం, తేనె, పటిక బెల్లం

ఇక్కడ నేను మొహమాటపడను. షుగర్ ఉన్నవాళ్లకు ఇవన్నీ చక్కెరే. పది గ్రాముల చక్కెరలో 40 కేలరీలుంటే బెల్లంలో 38 దాకా ఉంటాయి. కొద్దిగా ఇనుము, ఖనిజాలు ఉన్నమాట నిజమే. కానీ చాయలో పడే చెంచాడు బెల్లంతో వచ్చే ఇనుము లెక్కలోకి రాదు. రక్తంలో షుగర్‌ను పెంచే వేగంలో బెల్లం చక్కెరకు ఏమాత్రం తీసిపోదు. తాటి బెల్లం, తేనె కూడా షుగర్ పెంచేవే. ఇప్పుడు ప్రతి సందులో బెల్లం చాయ బోర్డు ఉంది. ఆరోగ్యానికి మంచిదని నమ్మి ఒకటికి రెండు తాగుతున్నారు, చక్కెర చాయ అయితే ఒక్కటితో ఆగేవాళ్లు.

మేడారంలో సమ్మక్క సారలమ్మలకు నిలువెత్తు బంగారం అంటే బెల్లమే. రెండేళ్లకోసారి ఇంటికొచ్చే ఆ ప్రసాదం ముక్కను నోట్లో వేసుకోవద్దని నేను ఎవరికీ చెప్పలేదు, చెప్పను. బతుకమ్మ నాటి మలీద ముద్ద, ఉగాది నాటి బచ్చం కూడా అంతే. పండగ రోజు ఒక్కటి తిని, ఆ పూట అన్నం తగ్గించుకుంటే సరిపోతుంది. ఏడాదంతా రోజుకు నాలుగు చాయల్లో పడేదాని లెక్క వేరు. కప్పుకు రెండు చెంచాలంటే రోజుకు 40 గ్రాములు, నెలకు కిలో రెండు వందల గ్రాముల దాకా. పెద్దవాళ్లకు రోజు మొత్తంలో, అన్ని రూపాల్లో కలిపి 25 గ్రాముల లోపు ఉంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది.

కూల్‌డ్రింకుల సంగతి

మామూలు కోలా 300 మిల్లీలీటర్లలో 30 గ్రాములకు పైగా చక్కెర. డైట్ కోలాలో చక్కెర లేదు, ఆస్పర్టేమ్ వంటివి ఒక క్యాన్‌లో 200 నుంచి 300 మిల్లీగ్రాముల దాకా ఉండొచ్చు. గోలీతో పోలిస్తే పది రెట్ల పైమాటే. అమెరికా నర్సులు, వైద్య ఉద్యోగుల మీద ఏళ్ల తరబడి చేసి 2012లో ప్రచురించిన అధ్యయనంలో చక్కెర సోడా, డైట్ సోడా రెండూ పక్షవాతంతో ముడిపడ్డాయి. ఈ రెండింటి మధ్య ఎంపికే పెట్టుకోవద్దు. మన ఎండలకు పలుచని మజ్జిగ, తైద అంబలి, చక్కెర లేని నిమ్మరసం ఉండనే ఉన్నాయి. బీపీ ఉన్నవాళ్లు మజ్జిగలో ఉప్పు బదులు జీలకర్ర, కొత్తిమీర వేసుకోవాలి.

పిల్లలకు డైట్ డ్రింకులూ వద్దు, గోలీలూ వద్దు. పిల్లలకు సిఫారసు చేయడం లేదని కొన్ని ప్యాకెట్ల మీదే రాసి ఉంటుంది.

మీ ఇంట్లో ఎవరికి ఏది

షుగర్ లేదు, బరువు మాత్రం ఎక్కువ ఉందనుకోండి. కప్పుకు రెండు చెంచాల నుంచి ఒకటిన్నరకు, పది పదిహేను రోజులయ్యాక ఒకటికి, తర్వాత అరకు రండి. నాలుక అలవాటు పడుతుంది. గోలీతో అదే తీపిని నిలబెడితే నాలుక ఎప్పటికీ మారదు.

షుగర్ ఉంది, చప్పటి చాయ తాగలేరు. సుక్రలోజ్ గోలీ, లేదంటే ఎరిత్రిటాల్ కలపని స్టీవియా చుక్కలు, రోజుకు రెండు మూడు కప్పులకు మించకుండా వాడండి. కొన్ని నెలల్లో సగం గోలీకి తగ్గించగలిగితే ఇంకా మంచిది. దీనికి తోడు ఒక్క విషయం గట్టిగా గుర్తుంచుకోవాలి. షుగర్ పడిపోయి చెమటలు, వణుకు, కళ్లు తిరగడం మొదలైతే ఈ గోలీలు దేనికీ పనికిరావు. అప్పుడు మూడు చెంచాల అసలు చక్కెర నీళ్లలో కలిపి తాగాలి, లేదా గ్లూకోజ్ పొడి. ఇన్సులిన్ వాడేవాళ్ల ఇంట్లో చక్కెర డబ్బా పూర్తిగా ఎత్తేయకూడదు.

బీపీ ఉండి షుగర్ లేనివాళ్లు చాయలో తీపి గురించి పడే ఆందోళనలో సగం ఉప్పు మీద పెట్టమని నా విన్నపం. ప్రపంచవ్యాప్తంగా పక్షవాతానికి మొదటి కారణం అదుపులో లేని బీపీ. చైనాలోని 600 గ్రామాల్లో, అప్పటికే పక్షవాతం వచ్చినవాళ్లకూ, అరవై దాటి బీపీ ఉన్నవాళ్లకూ సోడియం తక్కువ, పొటాషియం ఎక్కువ ఉన్న ఉప్పు ఇచ్చి సుమారు ఐదేళ్లు చూస్తే పక్షవాతాలు 14 శాతం తగ్గాయి. 2021లో వచ్చిన ఫలితం ఇది. కేవలం గమనించి రాసింది కాదు, ఊళ్లను రెండు భాగాలు చేసి పరీక్షించి తేల్చింది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, కొన్ని రకాల బీపీ మందులు వాడేవాళ్లు ఆ ఉప్పు డాక్టర్‌ను అడగకుండా మొదలుపెట్టకూడదు. ముందు తొక్కు, పాపడాలు తగ్గించండి, అందుకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. పల్లె దవాఖానల్లో, బస్తీ దవాఖానల్లో బీపీ ఉచితంగా చూస్తారు, మందులూ ఇస్తారు.

ఒకసారి పక్షవాతం వచ్చినవాళ్ల ఇంట్లో ఎరిత్రిటాల్, జైలిటాల్ ఉన్న పొడులు, మిఠాయిలు, డైట్ డ్రింకులు పక్కన పెట్టండి. చాయ చప్పగా తాగగలిగితే అదే మొదటి ఎంపిక. షుగర్ కూడా ఉండి తీపి లేకుండా ముద్ద దిగని పెద్దవాళ్లను ఒక్క గోలీ కోసం బాధపెట్టొద్దు. బీపీ గోలీ, రక్తం పలుచన చేసే గోలీ ఒక్క పూట కూడా తప్పకుండా చూడండి. మూతి వంకరపోవడం, చెయ్యి పైకి లేవకపోవడం, మాట తడబడటం మళ్లీ కనిపిస్తే అది మొదలైన సమయం రాసుకుని వెంటనే 108కి ఫోన్ చేయండి. గడ్డను కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. ఈసారి చెకప్‌కు పోయినప్పుడు మందుల సంచితో పాటు ఇంట్లో వాడే తీపి డబ్బాను కూడా తీసుకుపోయి, వెనుకవైపు రాసింది డాక్టర్‌కు చూపించండి.